పొత్తు కట్టడం, పోటు కాచుకోవడం: వ్యూహాత్మక బోర్డు ఆటల్లో దౌత్యానికి సమగ్ర మార్గదర్శి

బెజవాడలో టీ కొట్టు ముందు నిలబడి, ఏ పార్టీ ఎన్ని సీట్లు వదులుకోవాలో, ఎవరు ఎవరితో కలిస్తే ఎవరి పుట్టి మునుగుతుందో చెప్పలేని మనిషి దొరకడం కష్టం. అదే మనిషిని బోర్డు ముందు కూర్చోబెట్టి పక్క దేశంతో ఒప్పందం చేసుకోమంటే నోరు పెగలదు. లేదా మొదటి విడతలోనే అందరికీ అన్నిటికీ మాట ఇచ్చేసి, మూడో విడతకల్లా నలుగురి చేతా దెబ్బలు తిని, ఇది మోసగాళ్ల ఆట అంటూ లేచిపోతాడు.

ఈ మార్గదర్శి ఆ ఇద్దరి కోసం. ఉదాహరణలన్నీ మూడు ఆటల నుంచే తీసుకున్నాను: కటాన్, రిస్క్, డిప్లొమసీ. మొదటి రెండింటిలో దౌత్యం ఒక భాగం, మూడోదానిలో దౌత్యమే ఆట. అందుకే దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. పొత్తును నిలబెట్టేది స్నేహమూ కాదు, ఒట్టూ కాదు, పటం. మీతో కలిసి ఉంటే వచ్చేది మిమ్మల్ని పొడిస్తే వచ్చేదానికంటే ఎక్కువగా ఉన్నంతకాలం మీ భాగస్వామి నమ్మకస్తుడే. ఆ లెక్క తారుమారైన రోజున ఎంత మంచివాడైనా ఆలోచనలో పడతాడు. అతని గుణాన్ని అంచనా వేస్తూ కూర్చోవడం కంటే ఆ లెక్క తారుమారు కాకుండా చూసుకోవడం తేలిక.

1. ఏ ఆటలో మాటకు ఎంత విలువ ఉందో తెలుసుకోండి

క్లాస్ టాయ్‌బర్ రూపొందించగా 1995లో జర్మనీలో వెలువడిన కటాన్‌లో పది పాయింట్లు తెచ్చుకున్నవారు గెలుస్తారు. ఎవరి వంతు నడుస్తోందో వారితోనే మిగతావారు సరుకు మార్చుకోవాలి. అక్కడికక్కడ చేతులు మారిన కార్డులకే నియమాల రక్షణ ఉంటుంది. "ఇప్పుడు ఇటుక ఇవ్వండి, వచ్చే వంతులో ఉన్ని ఇస్తాను" అన్న మాటకు ఆ రక్షణ లేదు. ఇవ్వకపోతే అడిగే దిక్కు ఉండదు.

ఫ్రెంచి సినిమా దర్శకుడు ఆల్బర్ట్ లామొరీస్ రూపొందించిన రిస్క్ 1957లో మార్కెట్లోకి వచ్చింది. ప్రపంచ పటం, 42 భూభాగాలు, పాచికలు. పొత్తు పెట్టుకున్నా గెలిచేది ఒక్కరే కనుక ఏదో ఒక రోజు ఆ పొత్తు తెగక తప్పదని అందరికీ ముందే తెలుసు. ఆ రోజు ఎవరిదన్నదే ప్రశ్న.

అమెరికన్ ఆలన్ క్యాల్‌హామర్ 1954లో డిప్లొమసీకి రూపం ఇచ్చాడు. ప్రచురణకర్తలు ముందుకు రాకపోవడంతో 1959లో సొంత ఖర్చుతో 500 ప్రతులు వేసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందున్న ఐరోపా పటం మీద ఏడుగురు ఆడతారు: ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, టర్కీ. ఆట 1901లో మొదలవుతుంది. ఏడాదికి వసంతం, శరత్కాలం అని రెండు విడతలు, శీతాకాలంలో దళాల లెక్క సరిచూసుకుంటారు. దళాలను పోషించే చోట్లే సరఫరా కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఒక దళం. మొత్తం 34 సరఫరా కేంద్రాల్లో 18 చేజిక్కించుకున్నవారిదే గెలుపు. పాచికలు లేవు, కార్డులు లేవు, అదృష్టం మీద నెపం వేసే వీలు లేదు. కాసేపు మాట్లాడుకుంటారు, తర్వాత ఎవరి ఆదేశాలు వారు రహస్యంగా కాగితం మీద రాస్తారు, అన్నీ ఒకేసారి తెరుస్తారు. నోటితో ఏమైనా చెప్పవచ్చు, చెల్లేది కాగితమే.

అన్ని దళాల బలమూ సమానం కావడంలో ఈ ఆట కిటుకు ఉంది. ఒక సైన్యం మరో సైన్యం మీదికి వెళితే ఇద్దరూ ఎక్కడివారక్కడే ఉండిపోతారు. కదిలించాలంటే పక్కనుంచి ఇంకో దళం మద్దతు ఇవ్వాలి. ఆట మొదట్లో రష్యాకు నాలుగు, మిగతావారికి మూడేసి దళాలే ఉంటాయి కనుక ఆ మద్దతు పొరుగువాడి దగ్గర అడిగి తెచ్చుకోవలసిందే. ఒంటరిగా ఎవరూ ఎదగలేరు, అందరితో కలిసి ఎవరూ గెలవలేరు.

కొత్త బృందమైతే ముందు కటాన్, తర్వాత రిస్క్ ఆడి, ఆ పైన డిప్లొమసీకి రండి. తిన్నగా చివరిదానితో మొదలుపెట్టి చుట్టరికాలు చెడగొట్టుకున్నవారిని ఈ ఊళ్లో చూశాను.

2. మనుషులు, గది, వేళ

ఏడుగురు దొరకడం మామూలు ఆదివారాల్లో కష్టం. సంక్రాంతి సెలవుల్లో తేలిక. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్న అన్నదమ్ముల పిల్లలంతా ఇంటికి వస్తారు. కనుమ నాడు భోజనాలయ్యాక మొదలుపెడితే రాత్రికి తేలుతుంది. డిప్లొమసీకి ఐదారు గంటలు పడుతుందని ముందే చెప్పండి. గుంటూరు నుంచి రైల్లో వచ్చేవారుంటే తిరుగు రైలు ఎన్నింటికో కనుక్కున్నాకే వారికి దేశం అప్పగించండి. మధ్యలో ఒకరు లేచిపోతే ఆ దేశం పక్కనున్నవారికి ఉచితంగా దొరికిపోతుంది, ఆ క్షణంలో ఆట చెడిపోయినట్టే.

సత్యనారాయణపురంలోని ఓ మామూలు ఫ్లాటులోనైనా ఈ ఆట ఆడవచ్చు. ఒక బల్ల, విడిగా మాట్లాడుకోవడానికి మూడు చోట్లు ఉంటే చాలు: బాల్కనీ, మెట్లు, డాబా. డాబా జనవరిలోనే పనికొస్తుంది. మే నెలలో ఉదయం పది దాటాక అక్కడికి రాయబారానికి పిలిచేవాడి ఉద్దేశాన్ని శంకించవలసిందే.

ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్లు పక్కన పెట్టించండి. సందేశాలు పంపుకోవడం మొదలైతే ఆట రుచి సగం పోతుంది. ఎవరు ఎవరిని పిలుచుకుని బాల్కనీలోకి వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, తిరిగి వచ్చేటప్పుడు ఎవరి ముఖం ఎలా ఉంది అన్నది అందరికీ కనిపించే సమాచారం. ఫోను దాన్ని దాచేస్తుంది. మొదటి చర్చకు ఇరవై నిమిషాలు, తర్వాత విడతకు పది నిమిషాలు చాలు. వేళకు కాగితం ఇవ్వనివారి దళాలు కదలకుండా నిలబడతాయి. ఈ నియమం కఠినంగా అమలు చేయండి.

ఇంకొక్కటి. భార్యాభర్తలు, తోడబుట్టినవారు ఆడుతుంటే దేశాలను చీట్లు తీసి పంచండి. ఆట బయటి బేరాలు బల్ల దగ్గరికి తేకూడదని ముందే తీర్మానించండి. "నన్ను వదిలేస్తే రేపు బిర్యానీ తినిపిస్తాను" అని ఒకరు మొదలుపెడితే ఇక పటం చూసేవారే ఉండరు. మొగుడూ పెళ్లాలు ఎలాగూ కలిసే ఉంటారన్న అనుమానం మాత్రం మీరేం చేసినా పోదు. తెలివైన దంపతులు రెండో విడతలోనే అందరూ చూస్తుండగా పోట్లాడుకుంటారు. అది నిజమో నాటకమో తేల్చుకోవడానికే మిగతావారికి ఇంకో రెండు విడతలు పడుతుంది.

3. నోరు తెరిచే ముందు పటం చదవండి

పల్లెల్లో గట్టు తగాదా పక్క చేనువాడితోనే వస్తుంది, పొరుగూరి రైతుతో రాదు. కౌటిల్యుడి మండల సిద్ధాంతం సారం కూడా ఇదే: సరిహద్దు కలిసినవాడు సహజ శత్రువు, అతనికి అవతల ఉన్నవాడు సహజ మిత్రుడు. ఆటలో ఇది సగమే పనికొస్తుంది. అవతల ఉన్నవాడు మీ శత్రువు దృష్టి మళ్లించగలడు కానీ మీ దళానికి మద్దతు ఇవ్వలేడు, దూరం. మద్దతు ఇవ్వగలవాడు పక్కవాడే. కాబట్టి మీకున్న ఇద్దరు ముగ్గురు పొరుగువారిలో ఒకరితో కలిసి ఇంకొకరి మీదికి వెళ్లడమే ఎక్కువసార్లు జరిగేది. ఎవరితో, ఎవరి మీదికి అన్నది పటమే చెబుతుంది.

ముందు ఆస్ట్రియా, ఇటలీలను చూడండి. ఆస్ట్రియా సొంత కేంద్రం ట్రియెస్ట్, ఇటలీ సొంత కేంద్రం వెనిస్ పక్కపక్కనే ఉంటాయి. రెండు వేర్వేరు దేశాల సొంత కేంద్రాలు ఇలా ఒరుసుకుని ఉండటం పటంలో ఇంకెక్కడా లేదు. కత్తి తీస్తే మొదటి విడతలోనే తీయవచ్చు. కానీ ఈ ఇద్దరూ 1901లోనే కొట్టుకుంటే రష్యా, టర్కీలు వచ్చి ఇద్దరినీ తినేస్తాయి. అంత దగ్గరగా ఉన్నందుకే వీరికి సంధి అవసరం. కలిసి టర్కీ మీదికి వెళ్లే పాత ఎత్తుగడ ఒకటి ఉంది. 1571 నాటి నౌకా యుద్ధం పేరు మీద దాన్ని లెపాంటో అంటారు. ఇటలీ తన సైన్యాన్ని ఓడల మీద ట్యునీషియాకు, మరుసటి ఏడాది అక్కడి నుంచి తూర్పు మధ్యధరా తీరానికి చేరుస్తుంది, ఆస్ట్రియా బాల్కన్ల వైపు నుంచి నొక్కుతుంది.

రష్యా, టర్కీల మధ్య ఉన్నది నల్లసముద్రం. అక్కడ నౌక నిలిపినవారు రెండోవారి గుమ్మంలో కూర్చున్నట్టే. అందుకే ఈ రెండు దేశాలు ఆడేవారి మొదటి సంభాషణ దాని గురించే ఉంటుంది. ఈ ఇద్దరూ కలిస్తే మిగతా ఐదుగురికీ నిద్ర ఉండదు. వెనక మూల భద్రంగా ఉన్న టర్కీ, విశాలమైన రష్యా ఒకే దిక్కుకు నడుస్తాయి. ఆటగాళ్లు దీన్ని జగ్గర్‌నాట్ అంటారు. మీరు ఆస్ట్రియా అయితే ఈ ఇద్దరూ మెట్ల దగ్గర నవ్వుకుంటూ కనిపించిన మరుక్షణం ఇటలీని వెతుక్కోండి.

పడమట బెల్జియం ఒక్కటే, ఆశపడేవారు ముగ్గురు: ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ. జర్మనీకి ఉన్న ఇంకో ఆయుధాన్ని కొత్తవారు గమనించరు. మొదటి వసంతంలో జర్మన్ నౌక డెన్మార్క్ చేరితే, శరత్కాలంలో రష్యాను స్వీడన్‌లో దిగనీయకుండా అడ్డుకోవచ్చు. అడ్డుకోవాలా వద్దా అన్నదే బేరం. ఖర్చులేని సరుకు, రష్యాకు మాత్రం ఒక కేంద్రం విలువ.

రిస్క్‌లో ఇంత లోతు లేదు కానీ పద్ధతి ఒకటే. ఆస్ట్రేలియాకు నాలుగే భూభాగాలు, బయటి నుంచి సియామ్ మీదుగా ఒకే దారి, మొత్తం పట్టుకుంటే విడతకు రెండు సైన్యాలు అదనం. అక్కడ ఒకరు స్థిరపడ్డారంటే వారితో సియామ్ సరిహద్దు మీద సంధి చేసుకుని ఉత్తరానికి తిరగడమే మేలు. ఒక ఆటగాణ్ని పూర్తిగా తుడిచిపెట్టినవారికి అతని కార్డులన్నీ (వాటిని అదనపు సైన్యాలుగా మార్చుకోవచ్చు) వస్తాయన్న నియమం మరవకండి. చితికిపోయినవాడి చేతిలో నాలుగు కార్డులు మిగిలి ఉంటే అతని మిత్రుడే అతని వైపు ఆకలిగా చూస్తుంటాడు.

4. మొదటి మాట

అందరితోనూ మాట్లాడండి, మీ సరిహద్దు ఎప్పటికీ తగలని దేశంతో కూడా. ఇంగ్లండ్‌కు టర్కీతో 1901లో పనేమీ ఉండదు. అయినా రష్యా దక్షిణంలో ఏం మాట ఇచ్చిందో చెప్పగలిగేది టర్కీయే. అలాంటి కబురుకు బదులుగా మీరూ ఒక కబురు ఇవ్వాలి, అది నిజమైనదై ఉండాలి.

మొదటి విడతలో చెప్పడం కంటే అడగడం ఎక్కువగా ఉండాలి. "అక్కా, మీరు ఎటు వెళ్దామనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అబద్ధమైనా పనికొస్తుంది. కాగితాలు తెరిచాక దాన్ని పోల్చి చూసుకోవచ్చు. అసలు మాట్లాడని పొరుగువారే ప్రమాదం. చర్చ సమయమంతా పల్లీలు తింటూ కూర్చున్నవాడు మీ మీదికే వస్తున్నాడనుకోండి, పెద్దగా పొరపాటు పడరు.

చుట్టాల మధ్య ఆడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. పెద్దవాళ్లను గట్టిగా అడగడానికి చిన్నవాళ్లు మొహమాటపడతారు. "మనలో మనకు ఏముంది బావా, నేను చూసుకుంటాను కదా" అంటారు పెద్దవారు. ఆ మాట వినబడితే ఏ షరతూ కుదరలేదని అర్థం. మర్యాద తగ్గకుండానే షరతు దగ్గరికి, ఉదాహరణకు ఆస్ట్రియా, రష్యాల మధ్యనున్న గెలీషియా దగ్గరికి, తీసుకురండి: "మీరు చూసుకుంటారని తెలుసు బావగారూ. ఈ విడత గెలీషియాలోకి ఎవరు రాకూడదో అది ఒక్కటీ తేల్చేద్దాం."

5. ఒప్పందానికి కాళ్లూ చేతులూ ఉండాలి

"మనం కలిసి ఉందాం" అనేది ఒప్పందం కాదు, పలకరింపు. ఏ దళం, ఎక్కడికి, ఏ విడతలో, ఎంతవరకు అన్నవి తేలాకే అది ఒప్పందం. నల్లసముద్రం గురించి ఇద్దరు ఇలా మాట్లాడుకుంటారు:

"బావగారూ, ఈ వసంతంలో నల్లసముద్రంలోకి నేనూ నౌక రాస్తాను, మీరూ రాయండి. ఇద్దరమూ ఢీకొని వెనక్కి వెళతాం. ఎవరికీ నష్టం లేదు."

"రాస్తాను. మరి శరత్కాలంలో?"

"మీ నౌక రుమేనియాకు వెళ్లనీయండి, నేను అడ్డుపడను. నా సైన్యం బల్గేరియాలో ఉంటుంది. అక్కడి నుంచి రుమేనియా వైపు చూడను, సెర్బియా వైపే."

ఇందులో నమ్మకం అవసరమైన చోటు చాలా తక్కువ. ఇద్దరూ రాస్తే ఢీ తప్పదు. ఒకరు రాయకపోతే నష్టపోయేది రాయనివారే. మంచి ఒప్పందం ఇలా తనను తానే కాపాడుకుంటుంది. ఇంగ్లిష్ ఛానల్‌లోకి ఇద్దరమూ రాకూడదన్న ఇంగ్లండ్-ఫ్రాన్స్ ఒప్పందం దీనికి వ్యతిరేకం: ఒకరు మాట తప్పితే రెండోవారి గుమ్మంలో శత్రు నౌక ఉంటుంది. అలాంటి మాట ఇచ్చేటప్పుడు తప్పినవారిని అడ్డుకోవడానికి ఒక దళం దగ్గరలో ఉంచుకోండి. బర్గండీ విషయంలో ఫ్రాన్స్, జర్మనీలకూ ఇదే వర్తిస్తుంది.

తర్వాతది పంపకం. పొత్తులు యుద్ధంలో కంటే పంపకాల దగ్గర ఎక్కువగా విరుగుతాయి. ఆస్ట్రియాను కలిసి కొడదాం అన్నప్పుడే వియన్నా ఎవరిది, బుడాపెస్ట్ ఎవరిది, సెర్బియా, గ్రీస్ ఎవరివి అన్నది మాట్లాడుకోండి. బేసి సంఖ్య వస్తే తక్కువ దక్కినవారికి తర్వాతి లక్ష్యంలో ముందు వాటా ఇవ్వండి. ఇంకా దొరకని ఊళ్లను పంచుకోవడం నవ్వులాటగా ఉంటుంది, పర్వాలేదు.

చివరగా ముఖాల దిశ. ఇద్దరి దళాలూ ఒకరికి ఒకరు వీపు చూపిస్తూ వేరే దిక్కులకు నడుస్తుంటే పొత్తుకు ఆయుష్షు ఎక్కువ. తిరిగి రావడానికి రెండు విడతలు పడుతుంది, ఆ రెండు విడతలూ పటం మీద కనిపిస్తాయి. టర్కీ కొత్త నౌకను స్మిర్నాలో నిర్మిస్తే అది పడమటి సముద్రాల కోసం. అంకారాలో నిర్మిస్తే రష్యా అప్పుడే కారణం అడగాలి.

కటాన్‌లో ఒప్పందాలు ఇంత పెద్దవి కావు. అక్కడ ఒక్కటే సూత్రం: వాయిదా మాటలు వద్దు. మార్పిడి ఇద్దరికీ ఇప్పుడే గిట్టాలి. "దొంగను (సరుకు రాకుండా ఆపే బొమ్మను) నా మీద పెట్టకండి, గోధుమ ఇస్తాను" అన్న బేరం ఒక్క వంతుకే అని ఇద్దరూ అనుకుంటే ఎవరూ ఏడవరు.

6. పొత్తు బతికి ఉన్నంతకాలం

ఏటా శీతాకాలంలో కొత్త దళాలు నిర్మించేటప్పుడు రెండు సంఖ్యలు చూడండి: మీ కేంద్రాలు, మీ భాగస్వామివి. ఆయనకు ఏడు, మీకు నాలుగు అయితే పొత్తు నిజానికి అప్పుడే ముగిసింది, ఎవరూ ప్రకటించలేదంతే. ఆ దశకు రాకముందే అడగాలి: "నేను వెనకబడితే మీకే నష్టం. మార్సేల్ నాకు వదలండి." ఇవ్వగలిగినవాడు ఇస్తాడు, ఎందుకంటే బలహీనమైన మిత్రుడు మరొకరికి మేత. ఇవ్వనంటే అతని ఉద్దేశం ముందే తెలిసినట్టు.

చిన్న విషయాల్లో ఎప్పుడూ నిజమే చెప్పండి. మాట నిలబెట్టుకోలేని పరిస్థితి వస్తే కాగితం తెరవకముందే చెప్పేయండి. దీని విలువ యంత్రాలకూ తెలిసింది. 2022లో మెటా సంస్థ పరిశోధకులు సిసిరో అనే కృత్రిమ మేధతో అజ్ఞాతంగా 40 ఆన్‌లైన్ డిప్లొమసీ ఆటలు ఆడించారు. ఒకటి కంటే ఎక్కువ ఆటలు ఆడినవారిలో అది మొదటి పది శాతంలో నిలిచింది. అది తాను నిజంగా చేయబోయే కదలికల గురించే మాట్లాడేలా, ఎక్కువగా నిజాయతీగా ఉండేలా తీర్చిదిద్దామని రూపకర్తలు చెప్పారు. అది మాట తప్పిన, మోసగించిన సందర్భాలను తర్వాత ఇతర పరిశోధకులు ఎత్తిచూపారు. రెండూ నిజమే కావచ్చు. చాలాసేపు నిజం చెప్పినవాడి అబద్ధమే చెల్లుతుంది.

7. పోటు రాబోతున్న గుర్తులు

మాటల్లో వెతకకండి, దళాల్లో వెతకండి. మూడోవారి మీద యుద్ధానికి ఏ పనికీ రాని చోట మీ మిత్రుడి సైన్యం నిలబడి ఉందా? మీ సరిహద్దు దళాన్ని దూరంగా పంపమని, అదీ మీ మేలు కోసమే అన్నట్టు, సలహా ఇస్తున్నాడా? శీతాకాలంలో మీ వైపున్న ఊళ్లోనే కొత్త దళం కట్టాడా? ఈ మూడింటిలో రెండు కలిస్తే ఆ విడత జాగ్రత్త పడండి. మాటల్లో కనిపించే గుర్తు ఒక్కటే నమ్మదగినది: నిన్నటిదాకా ఊళ్ల పేర్లతో మాట్లాడినవాడు ఇవాళ "చూద్దాం, ఏం పర్వాలేదు" అంటున్నాడు.

నిలదీయకండి. నిందిస్తే ఎదుటివాడు శత్రువు కావడానికి మీరే సాకు ఇచ్చినట్టు. "తమ్ముడూ, టిరోలియాలో నీ సైన్యం ఉండగా నేను వెనిస్ వదిలి వెళ్లలేను. దాన్ని మ్యూనిక్ మీదికి పంపితే నా నౌకలన్నీ తూర్పుకే" అనండి. అవకాశం మూసేస్తే ఆలోచన కూడా పోతుంది.

8. పొడవవలసి వస్తే

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనే సామెత ఈ ఆటలకు సరిగ్గా అతుకుతుంది. దాన్ని అమలు చేసేవాళ్లలో చాలామంది ఓడ ఇంకా నది మధ్యలో ఉండగానే తొందరపడతారు. ఒక కేంద్రం కోసం పొడిచినవాడికి ఒక కేంద్రం, ఒక జీవితకాల శత్రువు దక్కుతారు. ఒక్క దెబ్బతో కనీసం రెండు కేంద్రాలు రావాలి, లేదా తిరిగి కొట్టే శక్తి అతనికి పోవాలి. ఈ రెండూ లేకపోతే ఆగండి.

సమయం శరత్కాలం. కేంద్రాల యాజమాన్యం మారేది శరత్కాల విడత ముగిశాకే, ఆ వెంటనే శీతాకాలంలో మీరు కొత్త దళం కట్టుకుంటారు, అతను ఉన్నది తీసేస్తాడు. వసంతంలో అతని ఊళ్లోకి దూరితే శరత్కాలమంతా అతనికి మిగిలి ఉంటుంది, వెళ్లగొడతాడు, మీకు మిగిలేది చెడ్డపేరే. కాబట్టి వసంతంలో పక్కకు చేరండి, దానికి మూడోవారి మీద యుద్ధం అనే నిజమైన కారణం ఉండాలి. శరత్కాలంలో లోపలికి వెళ్లండి.

పొడిచే ముందు మరుసటి రోజు గురించి ఆలోచించాలి. పాత మిత్రుడు పోయాక కొత్త మిత్రుడు ఎవరు? ఆ కొత్తవారితో లోపాయికారీ మాట ముందే ఉండాలి, కానీ విడత పేరు చెప్పకూడదు. చెబితే అదే కబురును వారు మీ మిత్రుడికి అమ్ముకుంటారు, మంచి ధర పలుకుతుంది. ఈ దెబ్బ తర్వాత అందరికంటే పెద్దవారు మీరే అవుతారా అన్నదీ చూసుకోండి. తొమ్మిదికి ఎగబాకిన దేశం మీద నిన్నటి శత్రువులు నలుగురూ ఒక్కటవుతారు. విసుగుతోనో, పాత ఆట కక్షతోనో, పక్కవాడు ఎగదోస్తేనో పొడవకండి.

కాగితాలు తెరిచాక వివరణ ఇవ్వకండి, నవ్వకండి. "తప్పుగా రాశాను" అన్న సాకు అంతకంటే వద్దు, అది జన్మలో ఒక్కసారే చెల్లుతుంది. మాట్లాడే దారి మాత్రం మూయకండి. పల్నాటి కథ తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. గురజాలకు రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపించాక ఇక సంధి కుదరలేదు, కారెంపూడి యుద్ధం తప్పలేదు. బోర్డు మీద కూడా ఇంతే. దెబ్బ తిన్నవారి దగ్గరికి అదే విడతలో వెళ్లి, "మీకు మిగిలిన రెండు కేంద్రాలూ నేను ముట్టుకోను, ఇటలీ మీదికి వెళితే మద్దతు కూడా ఇస్తాను" అని చెప్పాలి. తిడితే విని రండి. తిట్టడం అయిపోయాక ఆలోచిస్తారు.

9. మీరే పోటు తింటే

పక్క గదిలోకి వెళ్లి ఒక గ్లాసు మంచినీళ్లు తాగి రండి. తర్వాత పొడిచినవాడి దగ్గరికి కాకుండా అతని మిగతా పొరుగువారి దగ్గరికి వెళ్లండి. ఏడుపు వద్దు, పటం చూపించండి: "ఆయనకు ఇప్పుడు తొమ్మిది. నేను పోతే పన్నెండు. నా తర్వాత మీరే." నీతి గురించి మాట్లాడితే ఎవరూ కదలరు, తమ వంతు ఎప్పుడో తెలిస్తే కదులుతారు.

రెండు కేంద్రాలతో మిగిలినవారిని ఆటలో అరటిపండు అనుకుంటారు. నిజానికి వారి చేతిలో పెద్ద ఆయుధం ఉంటుంది. తన ఊళ్లు ఎవరికి పోవాలో వారే నిర్ణయించవచ్చు. పొడిచినవాడికి దక్కకుండా మూడోవారికి అప్పగిస్తానన్న బెదిరింపు నిజమని నమ్మించగలిగితే పొడిచినవాడే సంధికి వస్తాడు. కక్షతోనే ఆడుతూ పోయినా నియమం ఒప్పుకుంటుంది, కానీ రాజీ పడితే ఇంకో రెండు గంటలు బల్ల దగ్గర ఉండి సమపంపకంలో (మిగిలినవారంతా గెలుపును సమానంగా పంచుకునే ముగింపులో) వాటా కూడా అడగవచ్చు.

10. ఆట చివర

కటాన్‌లో ఎనిమిది పాయింట్లు పైకి కనిపిస్తున్నవారికి ఇక ఏ సరుకూ ఇవ్వకండి. అభివృద్ధి కార్డులు 25లో ఐదు పాయింటు కార్డులు, వాటిని చివరిదాకా దాచుకోవచ్చు. "నాకు ఒక్క రాయి కావాలి, అంతే" అంటూ దీనంగా అడిగేవారిని ముఖ్యంగా నమ్మకండి.

డిప్లొమసీలో చివరి విడత ఎప్పుడో తెలిసిపోవడం పెద్ద సమస్య. రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య నిర్వహించిన పోటీల్లో అనటోల్ రాపొపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రామే గెలిచింది. మొదట సహకరించడం, ఆ తర్వాత ఎదుటివాడు క్రితంసారి ఏం చేశాడో అదే తిరిగి చేయడం, దాని పద్ధతి అంతే. రేపు మళ్లీ ఎదురుపడాలన్న భయం ఉన్నప్పుడే ఇలాంటి సహకారం నిలుస్తుంది. రేపు లేదని తెలిస్తే ఇవాళ పొడుస్తారు. గుంటూరు రైలు కోసం 1907 శరత్కాలంతో ఆపేద్దాం అని ప్రకటించిన ఆటలో ఆ శరత్కాలం రక్తసిక్తమే, అది తెలిసినవారు 1906లోనే కత్తి తీస్తారు. దీనికి మందు ఉంది. 1905 దాటాక ప్రతి శీతాకాలంలో ఒక పాచిక వేయండి. ఐదో ఆరో పడితే ఆట అక్కడితో ముగుస్తుంది, అప్పటికి ఎక్కువ కేంద్రాలున్నవారు గెలిచినట్టు. చివరి విడత ఏదో ఎవరికీ తెలియదు కనుక మిత్రులు మిత్రులుగా ఇంకాస్త ఎక్కువకాలం ఉంటారు.

ఆదేశాల కాగితాలను విడతల వారీగా కట్ట కట్టి దాచండి. ఆట అయ్యాక అరగంట కూర్చుని మొదటి నుంచి చదవండి. ఎవరు ఏ విడతలో మనసు మార్చుకున్నారో, ఎవరు చివరిదాకా మాట మీద నిలబడ్డారో అప్పుడు తేలుతుంది. తాను పొడిచిన మిత్రుడే అదే విడతలో తనను పొడవబోయాడని బయటపడటం కూడా మామూలే. కట్టను మాత్రం ఆ రోజు ఆస్ట్రియా ఆడినవారి వెంట ఇంటికి పంపకండి. వారం రోజుల పాటు ఫోన్లు వస్తూనే ఉంటాయి.